సన్న శబ్దాలు

మాచర్ల,
నవంబరు 8.

అన్నయ్యకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. ఇన్‌లాండ్ కవరు కావాలంటే పోస్టాఫీసులో ఆవిడ నన్ను వింతగా చూసి, లోపలికి వెళ్ళి వెతికి తెచ్చింది. ఏం చెయ్యను? నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా "ఆఁ, ఆఁ, సరేలే, ఉంటా" అని పెట్టేస్తావు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు. దసరా నుంచీ ఇదే వరస. మొదట నాకు కోపం వచ్చింది. పోయిన వారం వదిన ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాక ఏడుపు వచ్చింది.

ఎడమ చెవి దాదాపు పోయిందట గదా. కుడి చెవి కూడా అదే దారిలో ఉందట. పొయ్యి పక్కనే నిలబడి కుక్కర్ విజిల్ వినలేదట. ఇన్నేళ్ళు శివరాత్రి తిరునాళ్ళకు ఊరు కట్టే ఆ ఎత్తైన ప్రభ మీద, పెళ్ళిళ్ళలో, మీటింగుల్లో ఆ పెద్ద పెద్ద బాక్సుల పక్కన కూర్చుంటే చెవులు ఏమవుతాయి? గుంటూరులో మంచి డాక్టరు ఉన్నారు. నేను తోడు వస్తాను. వదిన మీద మాత్రం అరవకు.

ఇంకో పని కూడా ఉంది. మేడ మీద హాలు పూర్తయింది. మీ బావ గోడంత టీవీ తెచ్చి పెట్టాడు. ఇప్పుడు హోం థియేటర్ అంటున్నాడు. దానికి రిసీవర్ అని ఒకటి ఉంటుందట, బొమ్మా సౌండూ రెండూ దాంట్లోకి వెళ్ళి, అక్కడి నుంచి బొమ్మ టీవీకి, సౌండు బాక్సులకూ పోతాయట. షాపుకొకడు ఒక్కో రకం చెబుతున్నాడు. పాతికేళ్ళుగా ప్రభ సౌండు చూసే మనిషి మన ఇంట్లో ఉండగా వాళ్ళను అడగడం ఏమిటని నేనే ఆపాను. మా అత్తయ్యకు పాత సినిమాలంటే ప్రాణం. "పాట మోగుద్ది గానీ మాట తెలవట్లేదే" అని రోజూ గొణుగుతుంది. ఆవిడకు మాట తెలిసే రిసీవర్ ఏదో చెప్పు.

నీ చెల్లెలు,
జాహ్నవి


రొంపిచెర్ల,
నవంబరు 15.

జాహ్నవికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టమని బళ్ళో మాస్టారు నేర్పాడు. నా కుశలం నువ్వు ముందే కనుక్కున్నావు కాబట్టి ఆ మాట రాయను.

మీ వదిన మీద అరిచాను. ఆమె తిరిగి ఏదో అంది. నాకు వినపడలేదు. గొడవ అంతటితో అయిపోయింది.

డాక్టరు మాట ఎత్తకు. నరసరావుపేటలో మైక్ సెట్ షాపు పెట్టుకుని, చెవిలో మిషను పెట్టుకుని కూర్చుంటే గుమ్మం ఎక్కేవాడెవడు? ఈ సంగతి నీకూ మీ వదినకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు. శివరాత్రికి మన ప్రభ కోటప్పకొండకు పోవాలి, దాని మీద సౌండు సరిచేసే మిక్సర్ దగ్గర నేనే కూర్చోవాలి. మాఘ పౌర్ణమికి ప్రభ కమిటీ వాళ్ళు పని ఒప్పగిస్తూ తాంబూలం ఇస్తారని నీకు తెలుసు గదా. పుచ్చుకున్నవాడు మాట తప్పడు. నాకు చెవుల్లేవని తెలిస్తే ఆ తాంబూలం ఇంకొకరి చేతిలోకి పోతుంది. ఎత్తు గురించి, లైటింగు గురించి ఊళ్ళు పోట్లాడుకుంటాయి గానీ, సౌండులో మన ప్రభతో ఎవరూ పోటీకి రారు. అది నా వల్ల. అది పోతే నేను వైర్లు చుట్టే మనిషినే.

ఇక రిసీవర్. అట్టపెట్టె మీద వాట్ల అంకె చూడవద్దు. అది పెళ్ళిచూపుల్లో చెప్పే జీతం లాంటిది. రెండు చేతులతో ఎత్తి చూడు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ సరైనదైతే బరువుంటుంది. తేలిగ్గా లేస్తే అక్కడే పెట్టి రా. వెనక్కి తిప్పి, సెట్‌టాప్ బాక్సు, టీవీ, ఇంకా రేపు మీరు కొనబోయేవి పట్టేటన్ని కంతలు ఉన్నాయో లేదో చూడు. అద్దాల అల్మరాలో పెట్టారంటే మాచర్ల ఎండకు ఊపిరాడక చస్తుంది, దాని నెత్తిన జానెడు ఖాళీ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం టీవీ కింద పెట్టే మధ్య బాక్సు. మాటలన్నీ దాంట్లోంచే వస్తాయి. ఆ ఒక్కదాన్నీ విడిగా పెంచుకునే వీలున్న రిసీవర్ తీసుకుంటే మీ అత్తగారికి మాట తెలుస్తుంది.

రాస్తుంటే మనసు కాస్త తేలికపడింది. ఫోను చెయ్యకు. రాయి.

అన్న,
శ్రీహరి


మాచర్ల,
డిసెంబరు 14.

అన్నయ్యకు,

ఆదివారం గుంటూరు వెళ్ళి వచ్చాం. నేను ఒక్కో రిసీవర్నీ చీర చెంగు దోపుకుని ఎత్తి చూస్తుంటే షాపు మొత్తం నన్నే చూసింది. మీ బావ నాకు సంబంధం లేనివాడిలా దూరంగా నిలబడ్డాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకదానికి ఏడు బాక్సులు, దబదబలాడే మోతకు రెండు ఊఫర్లు కట్టొచ్చు, నెత్తి మీద నుంచి కూడా సౌండు వస్తుందట. రెండోదానికి ఐదు బాక్సులు, ఒక ఊఫరే, కానీ బరువు. మొదటిదాని మీద హెలికాప్టరు వచ్చే సీను వేశారు. గది చుట్టూ తిరిగింది. మీ బావ మొహం చూడాలి, చిన్నపిల్లాడైపోయాడు. అత్తయ్య మాత్రం "అదంతా సరేలే, ఆ లోపల కూర్చున్నోడు ఏమన్నాడు?" అని అడిగింది. షాపతను సౌండు ఇంకాస్త పెంచాడు.

ఇంకో విశేషం. రెండింటితోనూ చిన్న మైకు ఒకటి ఇస్తారు. మనం కూర్చునే చోట దాన్ని పెట్టి బటన్ నొక్కితే రిసీవరే ఈలలు వేసి, గదిని కొలుచుకుని, ఏ బాక్సు ఎంత మోగాలో తానే సరిచేసుకుంటుందట. "మనిషి చెవితో పన్లేదమ్మా" అన్నాడు షాపతను. కాబట్టి నువ్వు ఇంత దూరం శ్రమపడి రావలసిన పని కూడా లేదు. ఏది తీసుకోమంటావో చెబితే చాలు.

జాహ్నవి


రొంపిచెర్ల,
డిసెంబరు 20.

జాహ్నవికి,

మనిషి చెవితో పని లేదన్నాడా. అన్నీ మిషన్లే వింటే ఇక మనుషులు ఎందుకట?

ఐదు బాక్సులది తీసుకోండి. మీ హాలు పొడుగు ఎక్కువ, వెడల్పు తక్కువ. ఏడు పెడితే రెండు మీ వీపుకు ఆనుకుని మోగుతాయి. సందీప్ బావకు హెలికాప్టరు సరదా తీరాక మిగిలేది మీ అత్తగారి సినిమాలే. వాటికి ఐదు ఎక్కువే.

ఆ మైకును మాత్రం పెట్టెలోనే ఉంచు. బటన్ నొక్కవద్దు. నేను వస్తాను. కోపంతో అనడం లేదు, నాకు ఇది అవసరం. ప్రభ మీద నేను కూర్చోగలనా లేదా అని మూడు నెలలుగా కొట్టుమిట్టాడుతున్నాను. ఊళ్ళో ఎక్కడ ప్రయత్నించినా నలుగురి కళ్ళు పడతాయి. మీ ఇంట్లో, నా మనుషుల మధ్య, నా చెవితో ఆ ఐదు బాక్సులనూ సరిగ్గా కూర్చగలిగితే తాంబూలం పుచ్చుకుంటాను. లేకపోతే మిక్సర్ ముట్టను. ఇదే నాకు పరీక్ష. నువ్వే మార్కులు వెయ్యాలి.

శ్రీహరి


మాచర్ల,
జనవరి 20.

అన్నయ్యకు,

క్షేమంగా చేరావని వదిన చెప్పింది. నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ రిసీవర్ ముందు బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో బాక్సునూ పెంచుతూ తగ్గిస్తూ కూర్చున్న నిన్ను చూస్తే చిన్నప్పుడు రేడియో విప్పి కూర్చునే అన్నయ్యే గుర్తొచ్చాడు.

సౌండు చాలా బాగుంది. మాట స్పష్టంగా ఉంది. అత్తయ్య ఎంతో సంతోషించింది. మీ బావ తన ఆఫీసు వాళ్ళందరికీ చెబుతున్నాడు. మార్కులు నూటికి నూరు వేశాను. నిశ్చింతగా ఉండు.

నీ చెల్లెలు,
జాహ్నవి


రొంపిచెర్ల,
జనవరి 24.

జాహ్నవికి,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నీ ఉత్తరాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. పోస్టాఫీసు ఆవిడ, షాపతను, మీ అత్తగారు. ఇందులో ఒక్కరూ నోరు విప్పలేదు.

ఒకటి అడుగుతాను. ఆ రోజు మీ అత్తగారు నా వెనక సోఫాలో కూర్చున్నారు గదా. టీవీ అద్దంలో నాకు కనపడుతూనే ఉన్నారు. నేను పాట పెట్టగానే కొంగు తీసి తల మీదుగా చెవులకు కప్పుకున్నారు. చలికాలం గదా, పెద్దావిడ, చలికేమో అనుకున్నాను. పాట ఆపితే కొంగు తీసేశారు. మళ్ళీ పెడితే మళ్ళీ కప్పుకున్నారు. నేను తిరిగి చూస్తే నవ్వారు. చలి నా రిమోట్‌తో పాటు వచ్చిపోదు గదా.

ఆ పాటలో గజ్జెలు ఉన్నాయి. ఆ పాట నాకు కొట్టినపిండి, గజ్జెలు ఎక్కడ వస్తాయో తెలుసు. అవి వినపడే దాకా పెంచుతూ పోయాను. చివరికి వినపడ్డాయి. ఎంత ఆనందమైందో నీకు చెప్పలేను. ఆ ఆనందంలో కొంగు సంగతి మర్చిపోయాను. బస్సులో గుర్తొచ్చింది.

పౌర్ణమి ఫిబ్రవరి ఒకటిన. నిజం రాయి. నా మీద ఒట్టు.

శ్రీహరి


మాచర్ల,
జనవరి 27.

అన్నయ్యా,

ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. పౌర్ణమి లోపు నీకు అందాలి.

బాగాలేదు. నీకు గజ్జెలు వినపడినప్పుడు మాకు పళ్ళు జివ్వుమన్నాయి. "స" అన్నా "చ" అన్నా చెవుల్లో సూదులు గుచ్చినట్టే ఉంది. నువ్వు సన్న శబ్దాలన్నిటినీ ఎంతగా పెంచావంటే, మాట కంటే ముందు మాట అంచులు తగులుతున్నాయి. నువ్వు కళ్ళు మూసుకుని నవ్వుతున్నావు. మీ బావ ఏదో చెప్పబోతే అత్తయ్యే ఆపింది. "ఏం అనబాకండ్రా. ఆ బిడ్డ మొహంలో అంత సంతోషం ఎన్నాళ్ళకు చూశామో" అంది. అందుకే ఎవరమూ అనలేదు.

నువ్వు బస్సెక్కిన సాయంత్రం మీ బావ తగ్గించబోయాడు. నేను రిమోట్ లాక్కున్నాను. మా అన్నయ్య పెట్టింది పెట్టినట్టే ఉండాలని పోట్లాడాను. ఆ తర్వాత సినిమా చూడడానికి ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేదు. అత్తయ్య కింద పాత టీవీ చూసుకుంటోంది. రిసీవర్ మీద నేనే రోజూ దుమ్ము తుడుస్తున్నాను.

నూటికి నూరు అని రాసింది నీ మీద ప్రేమతోనే. రాశాక నిద్ర పట్టలేదు. నా మాట నమ్మి నువ్వు తాంబూలం పుచ్చుకుంటావు. ప్రభ ఎక్కుతావు. కొండ కింద అంత జనం చెవులు మూసుకుంటుంటే నువ్వు కళ్ళు మూసుకుని నవ్వుతూ ఉంటావు. ఆ బాక్సుల పక్కన మిగిలిన చెవి కూడా వదిలేసి వస్తావు. నా వల్ల అది జరగకూడదు.

కోపం వస్తే నా మీదే పడు. ప్రభ మాత్రం ఎక్కకు.

జాహ్నవి


రొంపిచెర్ల,
ఫిబ్రవరి 4.

జాహ్నవికి,

ఉత్తరం పౌర్ణమి ముందు రోజు అందింది. కోపం రాలేదు. వస్తే బాగుండేది.

తాంబూలం పుచ్చుకోలేదు. గుడి దగ్గర కమిటీ ప్రెసిడెంటు లక్ష్మీనారాయణ పళ్ళెం చాపాడు. అబ్దుల్ మజీద్‌కు ఇవ్వమన్నాను. ఇన్నేళ్ళూ ప్రభకు సీరియల్ బల్బులు కట్టే మా మజీదే. ప్రెసిడెంటు "ఏందిరా హరీ, ఆటలుగా ఉందా?" అని ఉంటాడు, పెదాలను బట్టి అనుకున్నాను. నడుం నొప్పి అని చెప్పాను. చెవి మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నలుగురూ నా నడుం వైపు జాలిగా చూశారు.

మజీద్ పుచ్చుకున్నాడు. నీకెందుకురా నడుం నొప్పి అని ఒక్క మాట అడగలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. బయటికి వచ్చాక నిలదీస్తే, కుడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"రెండేళ్ళ నుంచి నువ్వు పైన పెంచతా ఉంటే నేను కింద ఆంప్లిఫయర్ల దగ్గర తగ్గిస్తానే ఉన్నా హరీ. నీకు చెప్పటానికి నా వల్ల కాలా."

పోయిన ఏడాది సౌండు ఎంత బాగుందో అని ఊరంతా నన్ను మెచ్చుకుంది నీకు గుర్తుందా? ఆ మెప్పు నాది కాదు. రెండేళ్ళుగా నాది కాదు.

నిన్న మీ వదినతో గుంటూరు వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి ఏవో వినిపించారు. వినపడితే బటన్ నొక్కాలి. చాలాసేపు నొక్కకుండా కూర్చున్నాను, ఇంకా మొదలు పెట్టలేదనుకుని. తర్వాత తెలిసింది, అవి మోగుతూనే ఉన్నాయట. సన్న శబ్దాలు పూర్తిగా పోయాయని డాక్టరు కాగితం మీద రాసి చూపించింది. పోయినవి తిరిగి రావు. మిషను పెట్టుకుంటే ఉన్నవి కాస్త దగ్గరకు వస్తాయి. కొలతలు తీసుకున్నారు.

ఇప్పుడు నువ్వు ఒక పని చెయ్యి. ఆ చిన్న మైకును పెట్టెలోంచి తియ్యి. మీ అత్తగారు కూర్చునే చోట, ఆమె చెవి ఎత్తులో పెట్టు. బటన్ నొక్కు. నేను పెట్టినదంతా అది తుడిచేస్తుంది. తుడవనివ్వు.

శ్రీహరి


మాచర్ల,
ఫిబ్రవరి 9.

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. సోఫాలో దిండ్లు పేర్చి, పైన మైకు పెట్టి, బటన్ నొక్కాను. గదిలో ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు అని టీవీ మీద వచ్చింది. ఫ్యాను కూడా ఆపి అందరం బయటికి వచ్చి తలుపు వేశాం. లోపల ఒక్కో బాక్సూ సుయ్ సుయ్‌మని ఈల వేసి ఆగుతోంది. నువ్వు కూర్చున్నది గుర్తొచ్చి తలుపుకు ఆనుకుని ఏడ్చాను. అత్తయ్య నా వీపు నిమిరింది.

రోజంతా నువ్వు చేసిన పని అది కాసేపట్లో చేసేసింది. బాగా చేసిందని రాయడానికి చెయ్యి రావడం లేదు. నిజమే రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. బాగుంది.

జాహ్నవి


రొంపిచెర్ల,
ఫిబ్రవరి 18.

జాహ్నవికి,

శివరాత్రి అయిపోయింది. ఆ రోజు నుంచీ రాయాలనుకుంటూ ఈ రోజు కూర్చున్నాను.

పొద్దుగూకే వేళకు ప్రభ కొండ కిందకు చేరింది. నేను పక్కన జనంలో నడిచాను. పాతికేళ్ళలో ప్రభను కింద నుంచి చూడడం ఇదే మొదటిసారి. ఇంత ఎత్తుంటుందని నాకు తెలియనే తెలియదు. మజీద్ నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మధ్య మధ్యలో నా వైపు చూస్తున్నాడు, బాగుందా అన్నట్టు. నేనేం చెప్పను? ఊఫర్ల దెబ్బ రొమ్ములోనూ అరికాళ్ళలోనూ తగులుతోంది. ఏ పాటో మాత్రం తెలియలేదు. అయినా చెయ్యి పైకెత్తి బాగుందని ఊపాను.

పక్క ఊరాయన ఒకడు నా భుజం పట్టుకుని ఏదో అన్నాడు. ఈ మధ్య ఎవరేమన్నా నవ్వి తల ఊపడం అలవాటైంది. ఊపబోయి ఆగాను. "నాకు చెవులు వినపడవు, గట్టిగా చెప్పు" అన్నాను. మన ఊరి వాళ్ళు నలుగురు తిరిగి చూశారు. పైకి ఆ మాట అనడం నాకు అదే మొదలు. ఆయన పాపం ఇబ్బంది పడి, నోరు నా చెవికి ఆనించి అరిచాడు.

"ఈ ఏడు మీ సౌండు చానా బాగుందన్నా. ఎప్పటికన్నా బాగుంది. అంతా నీ చెయ్యే గదా?"

కాదన్నాను. పైకి చూపించాను. ఆయన మజీద్‌ను చూసి, నన్ను చూసి, నా భుజం వదిలేసి జనంలో కలిసిపోయాడు. జాహ్నవీ, నాకు చాలా బాధగా ఉంది. మీ వదినతో ఏం కాలేదంటున్నాను గానీ, నీకు దాచను. షాపు తెరవబుద్ధి కావడం లేదు. తెరిచినా దేనికని అనిపిస్తోంది.

మిషను వచ్చే వారం ఇస్తారు. పెట్టుకున్నాక ఒకసారి మాచర్ల వస్తాను. ఆ గదిలో నన్నూ కూర్చోబెట్టండి. మీ అత్తగారికి ఇష్టమైన సినిమా వెయ్యండి. నా కోసం సౌండు పెంచవద్దు, నన్ను అడగవద్దు. నేను ఆమె పక్కనే కూర్చుంటాను. ఆమె కొంగు కప్పుకోకుండా ఉంటే చాలు, సౌండు బాగుందని నాకు తెలుస్తుంది.

అన్న,
శ్రీహరి